రెండో భాగంలో ఏముందప్పా అనేవాళ్ళకి

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిస్టరు పార్వతీశం' గురించి మన ఇళ్ళల్లో ఒక మాట స్థిరపడిపోయింది. "మొదటి భాగం చాలప్పా, నవ్వంతా దాంట్లోనే ఉంది. తక్కిన రెండూ చదవకపోయినా నష్టం లేదు" అంటారు. ఈ మాట మేము ఒప్పుకోము.

1924లో వచ్చిన మొదటి భాగం గొప్పదే. మొగల్తూరు కుర్రాడు మద్రాసులో ఆడవాళ్ళ టోపీ కొనుక్కుని సీమకు బయల్దేరితే నవ్వనివాళ్ళెవరు? తర్వాతి భాగాల్లో అతనికి పరాయి ఊరు అలవాటవుతుంది. చదువు ముగించి తిరిగొస్తాడు, పెళ్ళి చేసుకుంటాడు, స్వాతంత్ర్యోద్యమంలోకి దిగుతాడు. నవ్వు తగ్గే మాట నిజమే. తెలియనితనం తగ్గినాక, దానివల్ల పుట్టే నవ్వు తగ్గకుండా ఎట్లుంటుంది? అది మనిషి ఎదిగిన కథ.

దీనికింత పట్టుబట్టడం ఎందుకంటే, మన కుటుంబాల కథలు కూడా మనం ఇట్లే మొదటి భాగంతో ఆపేస్తున్నాం. తాత ఆదోని నుంచి బళ్ళారికి ఎట్లా వచ్చినాడు, 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రానికి, ఆదోని ఆంధ్రకు పోతే ఒకే జిల్లా చుట్టాలు రెండు రాష్ట్రాలవాళ్ళు ఎట్లా అయినారు, ఇవన్నీ నూరుసార్లు విన్నాం. కన్నడ మీడియంలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, లెక్క మాత్రం మనసులో కన్నడంలోనే వేసుకునే మా తరం గురించి ఒక్క పేజీ లేదు. "మీ కథలో ఏముందప్పా?" అంటారు.

ఏముందా? పెళ్ళిపత్రిక ఏ లిపిలో వేయాలని రెండిళ్ళ పెద్దలు వారం రోజులు వాదించుకోవడం ఉంది. మేము "స్వల్ప అడ్జస్ట్ చేసుకోండి" అంటే ఆదోని చుట్టాలు పకపకా నవ్వడం ఉంది. ఇంతకంటే సరదా కథ ఇంకేం కావాల?

మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. మొదటి వర్షన్ బాగుందని రెండోదాన్ని చూడకుండా వదిలేస్తే మా ఉద్యోగం ఊడుతుంది. ఇండ్లలో మాత్రం అదే పని దర్జాగా చేస్తున్నాం. పైగా "పిల్లలు తెలుగు చదవరు" అని ఏడుపు! కన్నడ లిపి వచ్చిన పిల్లలకి తెలుగు అక్షరాలు ఎంత దూరం? మేమూ అట్లే కూడబలుక్కుని నేర్చుకున్నాం. తమ ఊసే లేని పుస్తకం మీద పిల్లలకి ఆశ ఎట్లా పుడుతుంది?

తాత ఫోటో గోడ మీద పెట్టినవాళ్ళు, మనవరాలి కథ కూడా ఒకటి రాసి పెట్టండి. నవ్వుతూ రాయండి. తాతకేం తక్కువ కాదు.