విషమునకు బూజు విరుగుడగునా?

హైదరాబాదునకు చేరువనున్న పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతములలో 1970వ దశకము మొదలుకొని కర్మాగారములు వెలసినవి. వానివెంట పని వచ్చినది, ధనము వచ్చినది, విషమును వచ్చినది. మురుగు నక్కవాగునఁ బడి మంజీర దారి పట్టినది. ఆ నేలయందు పాషాణము, సీసము, క్రోమియము మొదలగునవి మితిమీరి యున్నట్లు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టు కెక్కినది.

ఇట్టి మలినమును శుద్ధి చేయుటకు శిలీంధ్రములు, అనఁగా బూజులును పుట్టగొడుగులును, ఉపకరించునని నేఁడు వినవచ్చుచున్నది. ఈ మాట వట్టిది గాదు. శిలీంధ్రకణముల గోడలయందలి కైటిన్ మొదలగు పదార్థములు నీటిలోని లోహములను పట్టి నిలుపును. కొన్ని శిలీంధ్రములు ఆక్జాలికామ్లమును స్రవించి, కరఁగు లోహమును కరఁగని లవణముగా మార్చును. శిలీంధ్రములు సీసమును పైరోమార్ఫైటను మిక్కిలి స్థిరమైన ఖనిజముగా మార్పఁగలవని స్కాట్లండునందలి డండీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2012లో ప్రకటించిరి.

అయిన నొక్కమాట మరువరాదు. నూనెవంటి మలినమును శిలీంధ్రములు జీర్ణింపఁగలవు, లోహమును జీర్ణింపఁజాలవు. లోహము మూలధాతువు. అది రూపము మార్చును, తావు మార్చును, నశింపదు. కాఁబట్టి విషమును పీల్చుకొన్న పుట్టగొడుగును కోసి భద్రమగు తావునకుఁ జేర్పనిచో, అది కుళ్ళి ఆ విషమును మరల నేలకే యప్పగించును. ఎవఁడైన నెఱుఁగక వండుకొని తినెనేని, నేలరోగము కడుపునఁ జేరును.

ఇఁక ధర్మవిషయము. పాలారును చెఱచిన వేలూరు ప్రాంతపు తోళ్ళ కర్మాగారముల వ్యాజ్యమున, చెఱచినవాఁడే చెల్లింపవలయునను సూత్రము ఈ దేశపు చట్టములో భాగమని 1996లో సుప్రీంకోర్టు తీర్మానించెను. శాస్త్రము క్రొత్త సాధనము నిచ్చినంతమాత్రమున నీ ఋణము తీరిపోదు. ప్రకృతియే బాగుచేయును గదా యని పలుకు యజమానికిని, పత్రమునకు చెదలు పట్టినదని అప్పు నెగవేయఁజూచు ఋణస్థునకును భేదమేమి?

మేము కోరునవి మూఁడు. మొదట మురుగును కర్మాగారపు గడపలోనే కట్టివేయవలయును. కాలువ కట్టక చెఱువు తోడిన ఫలమేమి? పిమ్మట, చెఱచినవారి సొమ్ముతో, చెడిన మడులలో శిలీంధ్రశుద్ధిని విశ్వవిద్యాలయములచేఁ బరీక్షింపించి, లోహమెంత తగ్గినదో గ్రామపంచాయతీలలో తెలుఁగున ప్రకటింపవలయును. కడపట, కోసిన పుట్టగొడుగులను విషపదార్థములుగనే లెక్కించి భద్రపఱుపవలయును. వీనిలో నే యొకటి లోపించినను, శుద్ధి జరిగినదను మాటను ప్రజలు నమ్మవలసిన పనిలేదు.