పక్షికి బ్రేక్ దర్శనమా?

"ఇక్కడేముంది సార్ చూడ్డానికి, గోరింకలూ పికిలిపిట్టలే కదా!" మొన్న హైదరాబాదు కేబీఆర్ పార్కు గేటు దగ్గర ఒక పెద్దమనిషి నా మెడలో బైనాక్యులర్స్ చూసి జాలిపడి అన్న మాట ఇది. ఆయన భుజాన మోచేయంత లెన్సు. ఒంటిమీద ఆకుల రంగు చొక్కా, నెత్తిన ఆకుల రంగు టోపీ. జూబ్లీహిల్స్ రోడ్డు మీద కాఫీ తాగుతూ ఎవరి కంట పడకూడదని ఆ వేషమో ఆయనకే తెలియాలి. జాలితో ఊరుకున్నా బాగుండేది. ఉపదేశం కూడా చేశాడు: "ఫొటో లేకపోతే చూసినట్టు లెక్క కాదండీ. పేరంటారా, యాప్ చెప్పేస్తుంది."

నగరంలో ఇప్పుడు పెరుగుతున్న పక్షి ప్రేమంతా ఈ మాటల్లో ఉంది. మామూలు పక్షి పనికిరాదు, ఫొటో పడని పక్షి లేనట్టే, గుర్తుపట్టే పని ఫోనుది. వారాంతపు బృందాల్లో ఇదే మాట, స్కూలు పిల్లల్ని తీసుకొచ్చే నేచర్ వాక్‌లోనూ ఇదే మాట. పదేళ్ల పిల్ల గోరింకను చూపించి ఏదో అడగబోతే "అది కామన్ రా, పద పద" అని లాక్కుపోయిన తండ్రిని చూశాను. ఆ పిల్ల ఏం అడగబోయిందో తెలుసుకోవాలని ఆయనకు తోచలేదు.

కామన్ అట! పక్షిశాస్త్రవేత్త సలీం అలీ పేరు చెప్పుకుని టీషర్టులు వేసుకునేవాళ్లు ఆయన దేని దగ్గర కూర్చున్నాడో కనుక్కున్నారా? 1930లో ఉద్యోగం లేక బొంబాయికి ఆవల కిహిమ్ అనే సముద్రతీర గ్రామంలో ఉంటూ ఆయన రోజుల తరబడి చూసింది గిజిగాణ్ణి. పొలం గట్టున ఎవరైనా చూసే పక్షి. మగపక్షి సగం గూడు అల్లి ఆపుతుందనీ, ఆడది వచ్చి చూసి ఒప్పుకుంటేనే మిగతాది పూర్తిచేస్తుందనీ, ఆమె గుడ్లు పెట్టగానే పక్కన ఇంకో గూడు మొదలెట్టి ఇంకో ఆడదాన్ని పిలుస్తుందనీ ఆయన పట్టుకున్నది అలా కూర్చోబట్టే. ఆ తర్వాతే 1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే. ఆ కాలంలో గుర్తుపట్టడానికి పక్షిని కాల్చేవారు, ఆయనా కాల్చారు, దాచాల్సిన పని లేదు. తుపాకీ పోయి కెమెరా వచ్చింది, సంతోషించక తిడతావేం అంటారు లెన్సు వీరులు. సంతోషించేవాణ్ణే, ఆ కెమెరా వెంట స్పీకరు రాకుండా ఉంటే.

నా అసలు కోపం ఆ స్పీకరు మీదే. పొన్నంగి పిట్ట అని ఒకటుంది. ఆకుపచ్చ వీపు, నీలం మచ్చ, పొట్ట కింద ఎరుపు. దక్షిణాన చలికాలం గడిపి, వానల ముందు గుడ్లు పెట్టడానికి ఉత్తరానికి వెళుతుంది. రాత్రిపూట ఎగిరి, తెల్లవారేసరికి ఎక్కడ చెట్ల గుంపు కనిపిస్తే అక్కడ దిగిపోతుంది. ఒళ్లు హూనమై దిగిన ఆ పక్షి పొదల కింద ఆకులు తిరగేస్తూ పురుగులు ఏరుకుంటుంటే, నగరంలోని ఒక పార్కులో నలుగురు మగాళ్లు మోకాళ్ల మీద కూర్చుని ఫోనులో దాని కూతనే మోగిస్తున్నారు. తన చోటులోకి ఇంకో మగపక్షి చొరబడిందనుకుని అది తిండి మానేసి బయటికొచ్చి ఛాతీ విరుచుకుని అరుస్తుంది. టకటకటక, షట్టర్లు. మళ్లీ మోగించు, వెలుతురు చాల్లేదు. మళ్లీ మోగించు, కొమ్మ అడ్డొచ్చింది. అది తినాల్సిన పొద్దంతా వీళ్ల ఆల్బమ్‌కి పోయింది. గూళ్ల దగ్గర చేసేది ఇంకా ఘోరం. ఫొటోకి అడ్డమని ఆకులు తుంచేస్తారు. వీళ్లు ఇంటికెళ్లి ఫొటోలకు రంగులు దిద్దుకుంటుంటే అక్కడ పిల్లలు ఎండకు మాడతాయి, కాదంటే కాకికి దొరుకుతాయి. ఎన్నో ఫొటో పోటీలు గూటి ఫొటోలు తీసుకోవడం మానేసింది ఊరికే కాదు.

తిరుమలలో బ్రేక్ దర్శనం టికెట్టు కొన్నట్టే ఉంది వీళ్ల వ్యవహారం. క్యూలో నిలబడే ఓపిక లేదు, పక్షే వచ్చి ఎదురుగా నిలబడాలి.

అసలు ఈ జబ్బు లెన్సులతో మొదలైంది కూడా కాదు. దసరా రోజు హైదరాబాదులో చూడండి. జమ్మి చెట్టుకు మొక్కి పాలపిట్టను చూడాలన్నది మన పెద్దలు పెట్టుకున్న ఆచారం. ఏడాదికి ఒక్కసారైనా ఊరు దాటి, చేలగట్ల వెంట తలెత్తి వెతికించిన ఆచారం. దాన్ని ఏం చేశాం? వలవేసి పట్టిన పాలపిట్టను రెక్కలు కట్టేసి, పంజరంలో పెట్టి వీధి వీధికీ తిప్పేవాడికి డబ్బులిచ్చి దండం పెడుతున్నాం. అది తెలంగాణ రాష్ట్ర పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం నేరం. ఉమ్మడి రాష్ట్రానికీ అదే పక్షి, విడిపోయాక ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది. రామచిలుక సుఖపడిందా అంటే అదీ లేదు, దాని పంజరాలు వేరే.

ఇక యాప్. కూత విని పేరు చెప్పే వసతి ఫోనుల్లోకి వచ్చింది, తిట్టను. కాని ఏట్రింత షిక్రా డేగ గొంతును అనుకరించగలదు. యాప్ షిక్రా అంటుంది, మనవాడు షిక్రా అని రాసుకుంటాడు. ఫొటోతోనూ అంతే. షిక్రాలా చారలతో, అదే కొలతలో, అదే ఎగురుడుతో ఒక కోకిల జాతి పక్షి ఉంది. ఎండలు ముదిరాక రాత్రంతా గొంతు పెంచుకుంటూ పోయి మన నిద్ర చెడగొట్టేది అదే. చిన్న పక్షులు కూడా దాన్ని డేగ అనుకుని భయపడతాయి. వెలుతురుకు ఎదురుగా తీసిన ఫొటోలో తేడా ఏం తెలుస్తుంది? ఒకటి బల్లిని పట్టుకుపోతుంది, రెండోది గొంగళిపురుగుల్ని తింటుంది. ఆ కాసేపు నిలబడి చూసినవాడికే అది తెలుస్తుంది.

"మామూలు పక్షులే" అనే మాట వల్ల ఇంకో చేటు ఉంది. 1998లో జాతీయ పార్కు హోదా వచ్చిన ఈ కేబీఆర్ చుట్టూ ఫ్లైఓవర్ల కోసం 2016లో చెట్లు కొట్టబోతే జనం రోడ్డెక్కారు. రేపు మళ్లీ ఎవరో కాగితాలు పట్టుకొచ్చి, ఇక్కడ అరుదైనవేం లేవు, మామూలు పక్షులే అంటే ఏం చెబుతాం? పక్షి ప్రేమికులే ఆ మాట ముందుగా రాసిచ్చారు కదా!

మరి ఏం చేయాలంటావంటే, మీ ఇంటికి దగ్గరి పార్కులో నాలుగు చెట్లు ఎంచుకుని పెన్నూ కాగితం పట్టుకుని ఏడాది పాటు వెళ్లండి. నల్ల కోకిలను అందరూ ఎరుగుదురు, గోధుమరంగు మీద తెల్ల చుక్కలున్న దాని ఆడదాన్ని పట్టుకోండి. అది ఏ కాకిగూటి చుట్టూ తిరుగుతోందో రాయండి. అంతకన్నా పెద్ద పథకం నా దగ్గర లేదు.

కెమెరా మిత్రులారా, పార్కులో ఆ స్పీకరు కట్టేయండి. కట్టనివాళ్లు కనిపిస్తే, పాఠకులారా, మొహమాటపడకండి. గేటు దగ్గర అటవీ శాఖ సిబ్బంది ఉంటారు, వెళ్లి చెప్పండి. దసరాకి పంజరం మీ గుమ్మంలోకి వస్తే ఒక్క రూపాయి ఇవ్వకండి.