జపాన్ మట్టిపాత్రలు సేకరించాలనుందా? ముందు తిరగేసి చూడండి!

స్టాంపులు, నాణాలు పోగుచేసేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. పింగాణీ బొమ్మలు షోకేసులో పేర్చుకునే సరదా కూడా కొత్తదేం కాదు. జపాన్ మట్టిపాత్రల సేకరణ మాత్రం కాస్త వేరు. ఆ గిన్నెల అందం అద్దాల బీరువాలో కన్నా చేత్తో పట్టుకుని వాడుకుంటున్నప్పుడే ఎక్కువగా తెలుస్తుంది. అందుకని ఈ సరదా మొదలుపెట్టాలనుకునేవారు షోకేసు కోసం డబ్బు తగలెయ్యకండి. రోజూ వాడుకునే గిన్నె ఒక్కటి కొనండి, చాలు!

ఏ ఊరి మట్టి?

కొండపల్లి బొమ్మ, ఏటికొప్పాక లక్కబొమ్మ అని మనం ఊరి పేరుతో చెప్పుకుంటాం కదా, జపాన్‌లోనూ అంతే. పాత్రను ఊరి పేరుతోనో, ప్రాంతం పేరుతోనో పిలుస్తారు. ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. అన్నీ ఒకేసారి నేర్చుకోబోతే తల తిరుగుతుంది. ముందు ఈ నాలుగూ తెలుసుకోండి.

బిజెన్: పూత లేని పాత్రలు. కట్టెల మంటలో రోజుల తరబడి కాలుస్తారు. బూడిద పడినచోట పసుపు మచ్చలు, వరిగడ్డి చుట్టినచోట ఎర్రటి చారలు వస్తాయి. ఏ రెండూ ఒక్కలా ఉండవు.

హగి: మెత్తటి మట్టి, పైన సన్నటి గీతలున్న పూత. టీ తాగేకొద్దీ ఆ గీతల్లోకి టీ దిగి గిన్నె రంగు మారుతూ ఉంటుంది. ‘హగికి ఏడు మార్పులు’ అని అక్కడివాళ్లు మురిసిపోతారు.

అరిత: తెల్లటి పింగాణీ. 1592-98 యుద్ధాల కాలంలో కొరియా నుంచి తీసుకొచ్చిన కుమ్మరుల పనితనంతో 1600ల మొదట్లో ఇక్కడ పింగాణీ తయారీ మొదలైంది. ఇమారి రేవు నుంచి ఓడలెక్కేది కాబట్టి దీన్నే ఇమారి అని కూడా అంటారు.

మాషికో: టోక్యోకు ఉత్తరాన ఉన్న ఊరు. దళసరిగా, ఇంటి వాడకానికి తగినట్టు ఉంటాయి. మొదటిసారి కొనేవారికి ఇవే నయం. హమదా షోజీ అనే గొప్ప కుమ్మరి ఇక్కడే స్థిరపడ్డారు. జపాన్ ప్రభుత్వం 1955లో ఆయన్ను ‘సజీవ జాతీయ సంపద’గా గుర్తించింది.

కొనేముందు...

* కొట్టువాళ్లను అడిగి, ఉంగరాలూ గాజులూ తీసి, బల్లకు దగ్గరగా రెండు చేతులతో పట్టుకుని గిన్నెను తిరగెయ్యండి. మన ఆవకాయ జాడీ అడుగున పూత లేని అంచు కనిపిస్తుంది చూడండి, అలాగే చాలా పాత్రల అడుగున అసలు మట్టి బయటపడుతుంది. మట్టి ఎలాంటిదో, పనిలో శ్రద్ధ ఎంతో అక్కడే తెలుస్తుంది.

* పూతలోని సన్నటి గీతలు లోపం కాదు. ఒకే గీత లోపలా బయటా ఒకేచోట కనిపిస్తే మాత్రం అది పగులే. పింగాణీని వేలితో మెల్లగా మీటితే ఖంగుమనాలి. బొంగురుగా పలికితే వదిలెయ్యండి. మెత్తటి మట్టిపాత్రలకు ఈ పరీక్ష పనికిరాదు.

* పేరున్న కుమ్మరి చేసిన వాటికి చెక్కపెట్టె, దాని మీద ఆయన సంతకం ఉంటాయి. హమదా అయితే ఇంగ్లండు నుంచి తిరిగొచ్చాక పాత్రల మీద సంతకమే చేసేవారు కాదు, పెట్టె మీదే! అందుకే పెట్టెను పారెయ్యకూడదు. అలాగని పెట్టెను చూసి మోసపోకండి. ఒకదాని పెట్టెలో ఇంకోటి పెట్టి అమ్మేవాళ్లూ ఉంటారు.

ఎక్కడ దొరుకుతాయి?

మీ పిల్లలో బంధువులో జపాన్‌లో ఉంటే మంచిదే. అరితలో ఏటా ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా పెద్ద సంత జరుగుతుంది. మాషికోలో వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి జరుగుతుంది. అక్కడికి వెళ్లలేనివారు పాండిచ్చేరి వెళ్లినప్పుడు గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పాత్రలు చూడండి. జపాన్‌లో పని నేర్చుకున్న డెబొరా స్మిత్, రే మీకర్‌తో కలిసి 1971లో దాన్ని మొదలుపెట్టారు. అవి జపాన్ పాత్రలు కావు గానీ, మంచి పాత్ర చేతికి ఎలా ఉంటుందో తెలుసుకోవచ్చు.

వాడేటప్పుడు జాగ్రత్త!

పూత మీద రంగురంగుల బొమ్మలు వేసిన పాతకాలం పింగాణీ అయితే ఆ రంగుల్లో సీసం ఉండొచ్చు. పులుపు తగిలితే అది తిండిలోకి దిగుతుంది. వాటిలో చింతపండు పులుసు, పచ్చడి, నిమ్మరసం వంటివి అస్సలు వద్దు. అలంకారానికే ఉంచండి. పగిలిన గిన్నెను బంగారు గీతలతో అతికించే పద్ధతి చాలా అందంగా ఉంటుంది. అసలు పద్ధతిలో చెట్టు నుంచి తీసిన లక్క వాడతారు. చవక కిట్లలో వచ్చేది రసాయనాల జిగురు. దేనితో అతికించారో తెలియకపోతే అందులో తినకండి. బంగారు గీత ఉన్నది ఏదైనా మైక్రోవేవ్‌లో పెట్టకూడదు.

పూత పూసిన కొత్త మట్టిగిన్నెను బియ్యం కడిగిన నీళ్లలో ఉంచి, సన్నసెగ మీద ఇరవై నిమిషాలు మరిగించి, ఆ నీళ్లలోనే చల్లారనివ్వాలి. సన్నటి రంధ్రాలు పూడి మరకలు తొందరగా పట్టవు. కొత్త కుండకు గంజి పట్టించే మనకు ఇదేం వింత కాదు! పింగాణీకి ఈ పని అక్కర్లేదు. మట్టిగిన్నెను వాడే ముందు కాసేపు నీళ్లలో నానబెట్టండి. పసుపు, నూనె ఎక్కువున్న కూరలు రాత్రంతా అందులో వదిలెయ్యకండి. కడిగాక పూర్తిగా ఆరనిచ్చి లోపల పెట్టండి, లేకపోతే బూజు వాసన వస్తుంది.

చివరిగా ఇంకో మాట. ఒక నోట్‌బుక్కు పెట్టుకుని ప్రతి పాత్రకూ ఊరు, చేసినవారి పేరు, కొన్న తేదీ, ధర రాసుకోండి. మొదటి గిన్నెను ఆరు నెలలు వాడాకే రెండోది కొనండి. ఈలోగా మీకేం నచ్చుతుందో మీ చేతికే తెలిసొస్తుంది, డబ్బూ వృథా కాదు.