మెమొరీలో ఇంటి నంబర్లు

భిలాయి టౌన్‌షిప్‌లో ఇల్లు వెదకుట కష్టము కాదు. సెక్టారు, స్ట్రీటు, క్వార్టరు నంబరు తెలిసినచో కొత్తగా రైలు దిగిన చుట్టము కూడ నేరుగా గుమ్మము ముందు నిలువగలడు. పథకము ప్రకారము కట్టిన ఊరు మనది. అయితే చుట్టమునకు సులువైన దారి దొంగకును సులువే.

కంప్యూటర్ మెమొరీ చాలా కాలము ఇట్టి ఊరుగానే ఉండెను. ప్రోగ్రామును ఎన్నిమార్లు నడిపినను దాని స్టాక్, లైబ్రరీలు దాదాపు అవే చిరునామాలలో ఉండెడివి. కేటాయించిన గదిలో పట్టనంత సమాచారమును ప్రోగ్రాము లోనికి రానిచ్చినచో అది పొంగి, పక్కన వ్రాసియున్న 'తిరిగి వెళ్ళవలసిన చిరునామా'ను చెరిపివేయును. ఆ చోట దుండగుడు తనకు కావలసిన చిరునామా వ్రాసినచో ప్రాసెసరు మారుమాటాడక అక్కడికే పోవును. 1988 నవంబరులో మోరిస్ వర్మ్ యూనిక్స్ యంత్రములలో చొరబడిన దారులలో ఇది ఒకటి.

దీనికి విరుగుడుగా 2001లో పాక్స్ అను బృందము లినక్స్ కొరకు ఒక ఏర్పాటు చేసినది. ప్రోగ్రాము మొదలైన ప్రతిసారి స్టాక్, హీప్, లైబ్రరీలు వేర్వేరు చోట్లకు మారును. దీనినే ఏఎస్ఎల్ఆర్ అందురు. ఓపెన్ బీఎస్‌డీ 2003లోను, లినక్స్ కెర్నెల్ 2005లోను, విండోస్ విస్టా 2007లోను దీనిని స్వీకరించినవి. ఊహ తప్పినచో ప్రోగ్రాము కూలిపోవును. దొంగ పని చెడును.

ఇది అభేద్యమని మాత్రము మేము చెప్పజాలము. 2004లో వెలువడిన ఒక పరిశోధన పత్రములో 32 బిట్ల యంత్రముపై ఊహల మీద ఊహలు చేసి సగటున 216 సెకండ్లలోనే చొరబడి చూపిరి. అచ్చట మారునది 16 బిట్లు, అనగా 65,536 చోట్లు మాత్రమే. (ఆ రచయితలలో నాగేంద్ర మోదడుగు అను పేరున్నది, ఆ ఇంటిపేరు తెలుగువారికి కొత్త కాదు.) 64 బిట్ల యంత్రములలో ఊరు మిక్కిలి పెద్దది గనుక ఇట్టి ఊహ సాగుట కష్టము.

ఉక్కు కర్మాగారములకు ఈ గొడవ ఎందుకని కొందరడుగుదురు. 2014 డిసెంబరులో జర్మనీ సమాచార భద్రతా సంస్థ ప్రకటించిన నివేదికలో, పేరు చెప్పని ఒక ఉక్కు కర్మాగారపు ఉదంతమున్నది. వంచక ఈ-మెయిలుతో కార్యాలయ నెట్‌వర్క్‌లోనికి, అటనుండి ఉత్పత్తి విభాగములోనికి చొరబడిరి; బ్లాస్ట్ ఫర్నేసును క్రమముగా ఆపుట సాధ్యపడక భారీ నష్టము వాటిల్లినది. ఉద్యోగి చేతనే తలుపు తీయించిన దొంగను నంబర్ల మార్పు ఆపజాలదు. లోపలికి వచ్చినవాడు ఒక గది నుండి మరొక గదికి పోవుటను మాత్రము అది కష్టతరము చేయును.

విండోస్ ఎక్స్‌పీలో ఈ రక్షణ లేదు. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసినది. మన పరిశ్రమలో యంత్రము ఇరువది ఏండ్లు నడచును, దానితో వచ్చిన కంప్యూటరును అట్లే నడచుచుండును. కొత్త సిస్టమ్ కొన్నంతమాత్రమున సరిపోదు: చోటు మార్చుటకు వీలుగా తయారుచేయని ప్రోగ్రామును అది సాధారణముగా పాత చిరునామాలోనే కూర్చుండబెట్టును. టెండరు వ్రాయునపుడే సరఫరాదారును ఈ సంగతి అడిగి, జవాబు కాగితముపై తీసికొనవలెను.