కరెంటు డ్యాంకు కాలువల కాపలా!

శ్రీశైలం డ్యాం ఎందుకు కట్టిండ్రు? ఈ చిన్న ప్రశ్న వేస్తే నీళ్ల మీదే బతికే పెద్దమనుషులు నీళ్లు నములుతారు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసింది జలవిద్యుత్ ప్రాజెక్టుకు. బచావత్ ట్రిబ్యునల్ కూడా దాన్ని కరెంటు ప్రాజెక్టుగానే చూసింది. ఆవిరి నష్టం కింద 33 టీఎంసీలు రాసింది తప్ప, పక్క బేసిన్ల పొలాలకు మళ్లించుకోమని అక్కడ వాటా రాయలేదు. టర్బైన్లు తిప్పాలి, ఆ నీళ్లను కిందికి నాగార్జునసాగర్‌కు వదలాలి. కట్టిననాడు దాని పని అదే.

మరి ఇవ్వాళ దాని పని ఏమైంది?

మద్రాసు దాహం పేరుతో మొదలైంది. 1976లో మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీలిచ్చి 15 టీఎంసీలు పంపాలని ఒప్పుకున్నాయి. తాగునీళ్లు అడిగినోళ్లకు తెలంగాణ ఎన్నడూ లేదనలేదు. కానీ ఆ దాహం చాటున పోతిరెడ్డిపాడు దగ్గర 11,150 క్యూసెక్కుల తూము లేచింది. 2005లో దాన్ని 44,000 క్యూసెక్కులకు పెంచుతూ జీవో వచ్చింది. మద్రాసు దాహమేమో అంతే ఉంది, తూము మాత్రం నాలుగింతలైంది!

ఉద్యోగ మిత్రులకు జీవోల భాష కొత్త కాదు గనుక ఇంకో రెండు నంబర్లు చెప్తాం. 1996 నాటి జీవో 69 శ్రీశైలంలో ఉంచాల్సిన కనీస మట్టం 834 అడుగులన్నది. 2004లో జీవో 107 వచ్చి దాన్ని 854 అడుగులు చేసింది. చూడ్డానికి ఇరవై అడుగుల తేడానే. కానీ ఆ మట్టం దగ్గర నీళ్లు ఆగితేనే పోతిరెడ్డిపాడు తూముకు అందుతాయి. అక్కడ ఆగితే టర్బైను ఆగుతది, టర్బైను ఆగితే సాగర్‌కు దిగే నీళ్లు ఆగుతాయి. సాగర్ ఎడమ కాలువ చివర ఉన్న రైతు ఆకాశం దిక్కు చూస్తడు. ఒక్క కాగితంతో డ్యాం పనే మారింది. ఆ డ్యాం కింద ఇల్లూ పొలం పోగొట్టుకున్నోళ్లను ఎవరన్నా అడిగిండ్రా?

వాళ్ల సంగతి వేరే చెప్పాలి. పాలమూరులో కొల్లాపూర్, అలంపూర్ దిక్కు, అవతల కర్నూలు జిల్లాలో ఊర్లకు ఊర్లే మునిగినయి. 1981లో బుల్డోజర్లు పెట్టి ఇండ్లు కూల్చి జనాన్ని వెళ్లగొట్టిండ్రు. 1986లో జీవో 98 తెచ్చి ఇంటికొక ఉద్యోగం అన్నరు. ఆ జీవో కాగితం పట్టుకొని కచేరీల చుట్టూ తిరిగి తిరిగి, ఉద్యోగ వయసు దాటి ముసలోళ్లయినోళ్లు ఎందరో. గుళ్లను మాత్రం రాయి రాయి విప్పి పైకి తరలించిండ్రు. కూడవెల్లి సంగమేశ్వరాలయం ఇవ్వాళ అలంపూర్లో భద్రంగ ఉంది. దేవునికి పునరావాసం దొరికింది, మంచిదే.

ఇక భద్రత మాట. 2009 అక్టోబర్‌లో మేము క్యాంపస్ నుంచి బియ్యం, దుప్పట్లు వేసుకొని అలంపూర్ పోయినం. గోడల మీద నీటి గీత మా తలల కంటే పైన ఉంది. బురదలో నానిన వడ్లు మొలకెత్తి కంపు కొడుతున్నయి. ఆ నాలుగు రోజుల్లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కట్టేనాడు లెక్కేసుకున్న దానికంటే ఎక్కువ. 885 అడుగుల పూర్తి మట్టం దాటి నీళ్లు పైకెక్కినయి. వరద వచ్చేనాటికే జలాశయం దాదాపు నిండుగ ఉంది.

కరెంటుకు కూడా ఎత్తు కావాలి, నిజమే. అంత వరదను ఏ ఖాళీ జలాశయమూ పూర్తిగ మింగలేదు, అదీ నిజమే. కానీ టర్బైన్లు తిరిగితే మట్టం దిగుతూ ఉంటది. కాలువల కోసం కాపలా కాసే జలాశయాన్ని మాత్రం చివరి రోజుదాకా నిండుకుండలాగ పట్టుకుంటరు. ఆ కుండలో వరదకు జాగా ఎంత ఉంచిండ్రు? దీనికి జవాబు చెప్పకుండ ‘ప్రకృతి వైపరీత్యం’ అని చేతులు కడుక్కుంటే ఊరుకోం.

డ్యాం తట్టుకొని నిలబడ్డది. మరి దాని కాళ్ల కింద? గేట్ల మీదినుంచి దూకే నీళ్లు దిగువన బండను తొలిచి లోతైన గుండం చేసినయి. రక్షణకని దింపిన ఉక్కు సిలిండర్లు ఆ వరద దెబ్బకు పాడైనయి. నిపుణుల కమిటీలు వచ్చినయి, మరమ్మతు చేయాలన్నయి. ఖర్చు ఎవరిది, ముందు ఏది అనే వాదంలో ఏండ్లు గడిచినయి. పూడిక చూస్తే, మొదట 308 టీఎంసీలు పట్టిన జలాశయం ఇప్పుడు సుమారు 215 టీఎంసీలకు వచ్చింది. 2024 ఆగస్టులో ఎగువన తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. శ్రీశైలం తెగితే కింద సాగర్, దాని కింద బెజవాడ. ఇది తెలంగాణ ఒక్కదాని గోస కాదని సీమాంధ్ర సోదరులు కూడా గుర్తు పెట్టుకుంటే మంచిది.

ఇంత జరిగినా మళ్లింపు ఆకలి తీరలేదు. 2020 మేలో జీవో 203 ఇచ్చి, సంగమేశ్వరం దగ్గర రోజుకు 3 టీఎంసీలు ఎత్తిపోస్తమన్నరు. పర్యావరణ అనుమతి లేకుండ కదలొద్దని ఆ ఏడే గ్రీన్ ట్రిబ్యునల్ అడ్డుకట్ట వేసింది. 2014లో రాష్ట్రం తెచ్చుకున్న మన పాలకులు ఏం జేసిండ్రు? 2015లో కృష్ణా నీళ్ల మీద 512, 299 అని తాత్కాలిక లెక్కకు సంతకం పెట్టి వచ్చిండ్రు. మనోళ్లని మొహమాటపడి దాన్ని దాచలేం.

2021లో డ్యాం భద్రత చట్టం వచ్చింది. కాబట్టి హైదరాబాద్‌నూ, అమరావతినీ, కృష్ణా బోర్డునూ మేము అడిగేది పెద్దదేం కాదు. వానాకాలం ముందు శ్రీశైలంలో ఏ తేదీకి ఏ మట్టం ఉంచుతరో ఆ పట్టిక పత్రికలకియ్యాలి. గుండం లోతు కొలిచిన నివేదిక బయటపెట్టాలి. 2009 సెప్టెంబర్ చివరి వారం నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా గంట గంటకూ రాసిన మట్టం, గేట్ల రిజిస్టరు జనం ముందుంచాలి. ఆ రిజిస్టరు ఏ ఆఫీసు బీరువాలో ఉందో నీటిపారుదల శాఖలోని మన ఉద్యోగ మిత్రులకు తెలుసు. విద్యార్థి మిత్రులు సమాచార హక్కు దరఖాస్తులు రాయడం ఈ వారమే మొదలుపెట్టాలి.