తాళంచెవి ఒకరిది, సర్టిఫికెట్ మరొకరిది

పౌర గ్రంథాలయాలను నడిపేవారికి వృత్తిపరమైన అర్హతాపత్రం తప్పనిసరి చేయాలా అనే చర్చ మన మహిళా సంఘాల సమావేశాల్లో ఎప్పుడూ వినపడదు. అది లైబ్రేరియన్ల సంఘాల వ్యవహారమనీ, పేస్కేళ్ళ గొడవ అనీ వదిలేస్తాం. నేనూ చాలాకాలం అలాగే వదిలేశాను. దక్షిణ తెలంగాణలోని ఒక జిల్లాలో వయోజన స్త్రీల చదువు గురించి పనిచేస్తూ ఊళ్ళు తిరుగుతున్నప్పుడు ఒక గ్రంథాలయం చూశాక నా అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది.

పంచాయతీ ఆఫీసు పక్కన ఒకే గది. పుస్తక నిక్షిప్త కేంద్రంగా మొదలై తర్వాత శాఖా గ్రంథాలయమైంది. రికార్డు ప్రకారం దాని బాధ్యుడు సర్టిఫికెట్ కోర్సు చేసిన ఒక గ్రంథపాలకుడు. ఖాళీలు నింపకపోవడం వల్ల ఆయన మీద ఇంకో రెండు గ్రంథాలయాల ఇన్‌చార్జి బాధ్యత కూడా ఉంది. వారానికి రెండుసార్లు రాగలిగితే గొప్ప. ఆయన చెడ్డవాడేమీ కాదు, మూడు ఊళ్ళ మధ్య బస్సుల్లో నలిగిపోతున్న మనిషి. ఆ గది తాళంచెవి మాత్రం ఊళ్ళో ఒకామె కొంగుకు ముడివేసి ఉంటుంది. పద్నాలుగేళ్ళుగా తలుపు తీసేదీ, ఊడ్చేదీ, పేపర్లు పరిచేదీ, పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునేదీ ఆమే. ఇంటర్ మధ్యలో ఆగిపోయింది. ఆమెకిచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. నాలుగు రోజుల కైకిలి పైసలకు కూడా సరిపోని మొత్తానికి ఆ పేరు పెట్టడంలో ఉన్న గౌరవం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మన శాఖా గ్రంథాలయాలు సాధారణంగా ఉదయం మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరిచి ఉంటాయి. ఈ వేళలు ఎవరి కోసం పెట్టారో ఒక్కసారి ఆలోచించండి. నేను ఆమెను అదే అడిగాను.

"పొద్దుగాల ఎనిమిదింటికి ఆడోళ్ళు ఏడికెల్లి వస్తరు మేడం? బువ్వ వండాలె, పోరగాండ్లను బడికి తోలాలె, నాటుకు పోవాలె. పొద్దుమీకితె మల్ల అదే పని."

"మరి ఆడవాళ్ళు అసలు రారా అక్కా?"

"వస్తరు. పగటీలి రెండింటికి వస్తరు. నేను తలుపు తీస్త."

మధ్యాహ్నం రెండింటికి గ్రంథాలయం మూసి ఉండాలి. ఆమె తీస్తుంది. బీడీలు చుట్టే ఆడవాళ్ళు చాటలు పట్టుకొచ్చి కూర్చుంటారు. ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు చేతులు ఆపకుండా వింటారు. పొదుపు సంఘం సమావేశం ఉన్న రోజు ఆమె పుస్తకాలు సంచిలో వేసుకుని అక్కడికే పోతుంది. ఎవరికి ఏ పుస్తకం ఇచ్చిందో ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకుంది. అసలు రిజిస్టరులో రాయడానికి వీల్లేదు, ఎందుకంటే అది పనివేళల్లో ఇచ్చినది కాదు. అందువల్ల ఆ ఊరి గ్రంథాలయంలో స్త్రీ పాఠకులు దాదాపు లేనట్టే ప్రభుత్వ లెక్క. ఒకసారి తనిఖీకి వచ్చినవారు ఆ నోటుబుక్కు చూసి, వేళ కాని వేళలో అనధికారంగా పుస్తకాలు బయటికి ఇస్తున్నారని సంజాయిషీ అడిగారు. ఆమెకు సర్టిఫికెట్ లేదు కాబట్టి పుస్తకాలు ఇచ్చే అధికారమే లేదని కూడా అందులో ఉందిట. పద్నాలుగేళ్ళు లేని ఆ అభ్యంతరం ఆడవాళ్ళు పుస్తకాలు తీసుకెళుతున్నట్టు బయటపడిన రోజున పుట్టింది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఆ పర్యటనకు కొన్నేళ్ళ ముందు ఒక స్వచ్ఛంద సంస్థ కోసం రాసిన నివేదికలో గ్రామీణ గ్రంథాలయాలను "శిక్షణ పొందిన, అర్హత గల సిబ్బందికే" అప్పగించాలని నేను సిఫార్సు చేశాను. రాసేటప్పుడు ఆ వాక్యం ప్రగతిశీలంగానే కనిపించింది. కాగితం చూసి మనిషిని అంచనా వేయడం, కాగితాల మీదే బతికే మాలాంటి వాళ్ళకు సహజంగా వచ్చే అలవాటు.

అలాగని సర్టిఫికెట్టే వద్దని నేను అనడం లేదు. ఆ మాట అనడం కూడా ఒక రకంగా మోసమే. గ్రంథాలయాన్ని నడపడం శిక్షణ అవసరమైన వృత్తి అని గుర్తింపజేయడానికి ఈ దేశంలో చాలామంది కష్టపడ్డారు. 1914లో విజయవాడలో అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడినప్పుడు అది స్వచ్ఛంద సేవ. 1929లో రంగనాథన్ ఆధ్వర్యంలో మద్రాసు గ్రంథాలయ సంఘం శిక్షణ తరగతులు మొదలుపెట్టింది. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం డిప్లొమా ప్రారంభించింది. అదే 1935లో తెనాలి ప్రాంతంలో పాతూరి నాగభూషణం పడవ మీద పుస్తకాలు పెట్టి కాలువ గట్టున ఉన్న ఊళ్ళకు పంపారు. ఒక పక్క డిప్లొమా, ఇంకో పక్క పడవ. తర్వాతి కాలంలో డిప్లొమా నిలబడింది, పడవ చరిత్ర పుస్తకాల్లోకి వెళ్ళిపోయింది. పుస్తకం మనిషి దగ్గరికి పోవాలన్న ఆలోచన మాత్రం నోటుబుక్కు, సంచి పట్టుకున్న ఆ ఆడమనిషి దగ్గర ఇంకా బతికి ఉంది. ఆ పనిని ఏ కోర్సూ లెక్కలోకి తీసుకోదు.

మన సర్టిఫికెట్, డిగ్రీ కోర్సుల్లో ప్రధానంగా చెప్పేది వర్గీకరణ, సూచికరణ, ఈ మధ్య కంప్యూటర్లు. ఇవి అవసరమే. అయితే ఇవి పుస్తకాన్ని అరలో సరైన చోట పెట్టడం నేర్పుతాయి. ఆ అర దగ్గరికి రాలేకపోతున్నది ఎవరో, ఎందుకో నేర్పవు. పిల్లలు వల్లెవేసే డ్యూయీ దశాంశ పద్ధతిలో పాత కూర్పులు చూడండి. స్త్రీల స్థితిగతుల గురించిన పుస్తకాలకు ఇచ్చిన అంకె 396. దాని పక్కనే 395, మర్యాద మన్ననలు. ఆడవాళ్ళ హక్కులు ఆచారాల కింద, మర్యాదల పక్కన! (తర్వాత దాన్ని సామాజిక వర్గాల కింద 305.4కు మార్చారు.) ఆ మెల్విల్ డ్యూయీయే 1887లో కొలంబియాలో మొదటి గ్రంథాలయ శిక్షణ పాఠశాల పెట్టాడు. ఇరవైమంది విద్యార్థుల్లో పదిహేడు మంది స్త్రీలు. అది విశ్వవిద్యాలయం వారికి నచ్చలేదు, రెండేళ్ళకే పాఠశాల ఆల్బనీకి తరలిపోయింది. ఇంత చేసిన మనిషి మీదే తోటి స్త్రీలు ఆయన ప్రవర్తన గురించి ఫిర్యాదులు చేశారు. 2019లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తన పతకానికి ఉన్న ఆయన పేరు తీసేసింది. వృత్తి విద్య స్త్రీలకు తలుపు తెరుస్తుంది, అందులో సందేహం లేదు. తెరిచిన తలుపు లోపల ఎవరు ఎక్కడ కూర్చోవాలో ముందే నిర్ణయమై ఉంటుంది. అమెరికాలో గ్రంథాలయాలు స్త్రీలతో నిండిపోయాయి, పెద్ద కుర్చీలు మాత్రం చాలాకాలం మగవాళ్ళవే.

అక్కడే ఈ శతాబ్దపు తొలి దశకంలో పౌర గ్రంథాలయాల నిర్వాహకుల కోసం వేరే సర్టిఫికెట్ ఒకటి మొదలుపెట్టారు. లైబ్రరీ సైన్సులో పీజీ చేసి, కొన్నేళ్ళు కింది సిబ్బందిని నడిపిన అనుభవం ఉన్నవాళ్ళకు అది. అందులో వర్గీకరణ లేదు. బడ్జెట్టు, భవనాలు, సిబ్బంది నిర్వహణ, సాంకేతికత, రకరకాల ప్రజలకు సేవ చేయడం, రాజకీయ సంబంధాలు నెరపడం వంటివి ఉన్నాయి. దాన్ని మనం తెచ్చి అతికించుకోవాలని కాదు. గ్రంథాలయ శాస్త్రం వేరు, గ్రంథాలయ నిర్వహణ వేరు అని అది ఒప్పుకుంది. మన దగ్గర ఆ తేడా ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు.

ఒప్పుకుంటే చిక్కు వస్తుంది. 1960 నాటి పౌర గ్రంథాలయ చట్టం ప్రకారం జిల్లా గ్రంథాలయ సంస్థలు నడుస్తున్నాయి. మనం కట్టే ఇంటిపన్ను ప్రతి రూపాయి మీద ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను. పూరిపాకకు పన్ను కట్టే ఒంటరి ఆడమనిషి కూడా గ్రంథాలయానికి డబ్బు కడుతోందని గుర్తుంచుకోండి. వసూలు చేసే స్థానిక సంస్థలు ఆ డబ్బు సకాలంలో గ్రంథాలయ సంస్థకు జమచేయకపోవడం ఏళ్ళ తరబడి ఉన్న జబ్బు. ఈ సంస్థల అధ్యక్షులను ప్రభుత్వమే నామినేట్ చేస్తుంది. ఎన్నికల్లో టికెట్ దొరకని నాయకుడిని సముదాయించడానికి ఈ కుర్చీ ఎంత ఉపయోగపడుతుందో జిల్లాల్లో పనిచేసే మీకు నేను చెప్పనక్కరలేదు. ఏ పుస్తకాలు కొనాలి, ఏ వేళల్లో తెరవాలి, మరుగుదొడ్డి కట్టాలా వద్దా అన్నవి పై కుర్చీల్లో తేలతాయి. ఆ కుర్చీలో కూర్చునే మనిషిని గ్రంథాలయ నిర్వహణలో ఒక్క రోజు శిక్షణ అయినా పొందావా అని ఎవరూ అడగరు. అర్హత అనే మాట కిందికి, ఇంకా కిందికి దిగి, చివరికి తాళంచెవి పట్టుకున్న ఆమె దగ్గర వచ్చి ఆగుతుంది.

ఇది గ్రంథాలయాలకే పరిమితమైన సంగతి కాదు. 1990ల మొదట్లో నెల్లూరు అక్షరాస్యతా ఉద్యమం సారా వ్యతిరేక పోరాటంగా ఎలా మారిందో మనందరికీ తెలుసు. ఆ తర్వాత వచ్చిన నిరంతర విద్యా కేంద్రాల్లో, 2009లో మొదలైన సాక్షర భారత్ కేంద్రాల్లో ప్రేరక్‌లుగా, సమన్వయకర్తలుగా పనిచేసిన స్త్రీలు ఎందరో. సాక్షర భారత్‌లో వారికి నెలకు రెండు వేల రూపాయల గౌరవ వేతనం. పేపర్లు తెప్పించి, పుస్తకాలు పంచి, చదవడం వచ్చినవాళ్ళు మళ్ళీ మరిచిపోకుండా చూసింది వాళ్ళే. 2018 మార్చి 31తో పథకం ముగిసింది. మర్నాటి నుంచి వాళ్ళు ఎవరూ కారు. అంతకాలం చేసిన పనికి, వేరే చోట చూపించుకోవడానికి పనికొచ్చే కాగితం ముక్క కూడా చాలామంది దగ్గర మిగల్లేదు. ప్రత్యేక తెలంగాణ వచ్చినా, కొత్త ఆంధ్ర ఏర్పడినా ఈ విషయంలో తేడా లేదు.

నేను ఈ మాటలు ఒక సమావేశంలో చెప్పినప్పుడు వెనక వరుసలోంచి ఒక యువతి లేచింది. దళిత కుటుంబంలో మొదటిగా చదువుకున్న మనిషి, బి.ఎల్.ఐ.ఎస్సీ. చేసి ఏళ్ళుగా నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తోంది. "మేడం, మా అమ్మ కూలిపని చేసి నన్ను ఈ కోర్సు చదివించింది. అనుభవం చాలంటే ఊళ్ళో పెద్దవాళ్ళ కోడళ్ళకే ఆ పోస్టులు పోతాయి. నా చదువుకు విలువ ఏంటి?" అని అడిగింది. నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆమె చెప్పింది నిజం. గౌరవ వేతనపు పనులు చాలాచోట్ల ఊరి పెద్దల చేతుల్లోంచే వస్తాయి. పరీక్ష, సర్టిఫికెట్ అనేవి దళిత, వెనుకబడిన కులాల ఆడపిల్లలకు ఆ పెద్దల గడప తొక్కకుండా ఉద్యోగం దొరికే దారి. దాన్ని పలచన చేసే ఏ ప్రతిపాదననైనా అనుమానంగా చూసే హక్కు ఆమెకు ఉంది.

అందుకే ఈ ఇద్దరినీ ఒకే ఖాళీ ముందు నిలబెట్టి ఎవరు తప్పుకోవాలో తేల్చమనడం ప్రభుత్వానికి సుఖమైన పద్ధతి. ఖాళీలు నింపకుండా ఏళ్ళు గడిపేది ప్రభుత్వం, పోట్లాడుకునేది ఆడవాళ్ళు. మొదట అడగవలసింది ఖాళీల భర్తీ. చదువుకున్న ఆ అమ్మాయి పోస్టు ఆమెకు రావాలి. ఒక మనిషికి మూడు గ్రంథాలయాలు అప్పగించే ఇన్‌చార్జి పద్ధతి పోవాలి.

దానితోపాటే, ఇప్పటికే పనిచేస్తున్న స్త్రీల అనుభవాన్ని పరీక్షించి అర్హతగా మార్చే దారి కూడా ఉండాలి. ఇదేమీ వింత కోరిక కాదు. 2015లో వచ్చిన కేంద్ర నైపుణ్య పథకంలోనే, చేతిలో పని ఉండి కాగితం లేనివారికి ఆ పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ఉంది. గోడ కట్టడం చూసి తాపీమేస్త్రీకి అర్హత ఇవ్వగలిగినప్పుడు, పద్నాలుగేళ్ళు గ్రంథాలయం నడిపిన మనిషికి ఎందుకు ఇవ్వకూడదు? చేరడానికి డిగ్రీ అడ్డం పెట్టకూడదు, ఫీజు ఉండకూడదు. తరగతులు జిల్లా కేంద్రంలో కాక మండలంలో, మధ్యాహ్నం పూట, పసిపిల్లలను చూసుకునే ఏర్పాటుతో జరగాలి. ఆ తరగతుల్లో చెప్పేవాళ్ళలో ఆ నోటుబుక్కు రాసినామె కూడా ఉండాలి. నిజానికి నిర్వహణ అనే పేపరు ఆమే చెప్పగలదు.

పాఠాల్లో ఏముండాలి? గ్రంథాలయ పన్ను లెక్క ఎలా అడగాలి, పంచాయతీతో ఎలా మాట్లాడాలి, వేళలు మార్చడానికి ఎవరి అనుమతి కావాలి, స్త్రీ పాఠకుల లెక్క రిజిస్టరులో ఎలా కనపడాలి. ఒంటరిగా ఒక గదిలో పనిచేసే స్త్రీకి 2013 చట్టం కింద జిల్లాలో స్థానిక ఫిర్యాదుల కమిటీ ఉంటుందన్న సంగతి కూడా. పదిమంది లోపు పనిచేసే చోట్లకు అదే దిక్కు, చాలామందికి దాని ఉనికే తెలియదు. ఇదే కోర్సును జిల్లా సంస్థల కార్యదర్శులూ, నామినేట్ అయిన అధ్యక్షులూ పదవిలో చేరిన ఆరు నెలల్లోపు పూర్తిచేయాలి. వాళ్ళు ఆ గదిలో, చాటల మధ్య, ఒక వారం కూర్చుని చేయాలని నా కోరిక. నిబంధనల్లో అది రాయించడం కష్టమేమో.

గ్రామ సమాఖ్యల్లో, మండల స్థాయిలో పనిచేస్తున్న మిత్రులకు నాదొక అభ్యర్థన. మీ పరిధిలోని గ్రంథాలయాలకు వెళ్ళి మూడు ప్రశ్నలు వేయండి. రికార్డులో బాధ్యులు ఎవరు, రోజూ తలుపు తీసేది ఎవరు, ఆమెకు ఎంత ఇస్తున్నారు. వచ్చిన జవాబులు ఈ పత్రికకు రాసి పంపండి. గ్రంథాలయ పన్ను వసూలు, జమ వివరాలను సమాచార హక్కు కింద అడగండి.

పోయిన నెల ఆమె ఫోన్ చేసింది. సంజాయిషీకి జవాబు ఏం రాయాలని అడిగింది. నోటుబుక్కులో ఉన్న పేర్లన్నీ తేదీలతో సహా శుభ్రంగా నకలు రాసి, జతపరచమని చెప్పాను. "అవి ఎక్కువున్నయి మేడం, మూడు నోటుబుక్కులైనయి" అంది. మూడూ పంపమన్నాను.