లేని నగరానికి మెట్రో, ఉన్న గూడేనికి డోలి



అమీర్‌పేటలో కోచింగ్ క్లాస్ అయిపోయినంక మెట్రో ఎక్కుతవు. తలుపు దానంతట అదే తెరుచుకుంటది, చల్లగాలి తగులుతది, రెండు మూడు నిమిషాలకొక స్టేషన్ వస్తది. అప్పుడే ఊరి నుంచి ఫోన్ వస్తది. వాగు పొంగిందట. పక్కింటి వదినకు నొప్పులు మొదలైనయట. అంబులెన్స్ వాగు అవతలే ఆగిందట. మంచానికి కట్టెలు కట్టి నలుగురు మోసుకుపోతున్నరట.

ఈ రెండూ ఒకే రాష్ట్రంలో, ఒకే రోజున జరుగుతున్నయి. అందుకే మెట్రో గురించి మనం కూడా మాట్లాడాలె. అది పట్నపోళ్ల ముచ్చట అని వదిలేస్తే మనమే నష్టపోతం.

ముందు విషయం తెలుసుకో. హైదరాబాద్ మెట్రో రెండో దశలో 'బి' భాగం కింద మూడు లైన్లను ప్రతిపాదించారు. ఒకటి మేడ్చల్‌కు, ఒకటి శామీర్‌పేటకు, మూడోది శంషాబాద్ విమానాశ్రయం నుంచి 'భారత్ ఫ్యూచర్ సిటీ'కి. మూడూ కలిపి 86.1 కిలోమీటర్లు, అంచనా 19,579 కోట్లు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఈ ప్రతిపాదనను కేంద్రానికి పంపింది. ఇందులో ఫ్యూచర్ సిటీ లైన్ ఒక్కటే 39.6 కిలోమీటర్లు, 7,168 కోట్లు.

మేడ్చల్ రోడ్డు మీద రోజూ ట్రాఫిక్‌లో నలిగేటోళ్లున్నరు. వాళ్లకు రైలు కావాలంటే కాదనే హక్కు మనకు లేదు. మన పంచాయితీ ఆ మూడో లైన్ మీద. ఫ్యూచర్ సిటీ పేరులోనే ఉంది చూడు, అది ఇంకా రాలేదు. అక్కడ ఇప్పుడున్నవి రంగారెడ్డి జిల్లాలోని ఏడు మండలాల పల్లెలు. వాటిలో కొన్ని ఊళ్ల రైతులు ఫార్మా సిటీకి పోయిన భూముల కోసం ఏండ్ల తరబడి కొట్లాడుతున్నరు. మాకు మెట్రో కావాలని వాళ్లేమీ ధర్నా చేయలేదు. ఆ లైన్ రేపు రాబోయే కంపెనీలకు, పెరగబోయే ప్లాట్ల ధరలకు.

మరి మన గూడేనికి రోడ్డు అడిగితే ఇన్నేండ్లుగా ఏం చెప్తున్నరు? మూడే మాటలు. జనం తక్కువున్నరు. పైసల్లేవు. అడవి పర్మిషన్ రాలేదు. ఈ మూడు మాటలనూ ఫ్యూచర్ సిటీ లైన్ పక్కన పెట్టి చూద్దాం.

మొదటిది జనం. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు రావాలంటే మైదాన ప్రాంతంలో ఆవాసానికి 500 మంది ఉండాలి, ఏజెన్సీలో 250 మంది. ఆదిమ తెగల కోసం 2023లో తెచ్చిన పీఎం జన్‌మన్‌లో దాన్ని 100కు తగ్గించారు. పదిహేను ఇండ్ల చెంచు పెంట, ఇరవై ఇండ్ల కొలాం గూడెం ఆ 100కు కూడా చేరవు. మనకు మాత్రం తలలు లెక్కపెట్టినంకనే రోడ్డు. అక్కడ తలలు ఇంకా రాకముందే రైలు. జనం రేపు వస్తరని అక్కడ నమ్మినోళ్లు, తరతరాలుగా ఇక్కడున్న జనాన్ని ఎందుకు లెక్కలోకి తీసుకోరు?

రెండోది పైసలు. 7,168 కోట్లను 39.6తో భాగించు. కిలోమీటరుకు దాదాపు 180 కోట్లు. పీఎం జన్‌మన్ లెక్కలో కిలోమీటరు రోడ్డుకు కోటి రూపాయలు. అంటే ఒక్క కిలోమీటరు మెట్రో ఆపితే 180 కిలోమీటర్ల గూడెం రోడ్లు పడతయి. ఆ 7,168 కోట్లు ఖజానాలో మూలుగుతున్నయా అంటే అదీ లేదు, మెట్రోకు పెద్ద భాగం అప్పే. ఆ అప్పు కట్టేది రాష్ట్రమంతా. తునికాకు కోసే మీ అమ్మ సంతలో కొనే సబ్బు మీద పన్నులో కూడా దాని వాటా ఉంటది. కాబట్టి పైసల్లేవు అన్నది అబద్ధం. మన కోసం అప్పు చేయరు, అదే నిజం.

మూడోది అడవి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చదువు. బడి, అంగన్‌వాడీ, తాగునీరు, రోడ్డు వంటి 13 పనులకు గ్రామసభ సిఫారసు చేస్తే అటవీ భూమి ఇవ్వొచ్చు. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లు మించకూడదు. చిన్న రోడ్డు ముక్కకు ఫైలు ఢిల్లీ దాకా పోనక్కర లేదు.

75 చెట్లు గుర్తుపెట్టుకుని ఇప్పుడు ముంబై చూడు. అక్కడి మెట్రో మూడో లైన్ కార్‌షెడ్‌ను ఆరే అడవిలో పెట్టారు. వార్లీ ఆదివాసీల పాడాలున్న చోటది. 2019 అక్టోబర్ 4న హైకోర్టు పిటిషన్లు కొట్టేసింది. ఆ రాత్రే రంపాలు దిగినయి. 7న సుప్రీంకోర్టు ఆపమనేసరికి 2,141 చెట్లు నేలకూలినయి. గూడెం రోడ్డుకు 75 చెట్లు దాటితే చట్టం అడ్డం. మెట్రోకు రెండు వేల చెట్లు మూడు రోజుల పని.

"అయితే నువ్వు అభివృద్ధికి వ్యతిరేకమా, నువ్వూ మెట్రో ఎక్కుతవు కదా" అని అడుగుతరు. అడగనీ. ఎక్కుతం, టికెట్ కొనే ఎక్కుతం. మేం రైలును వద్దనడం లేదు, వరుస తప్పింది అంటున్నం. ఈ వరుస మన ఒక్కళ్లకే తప్పలేదు. మొదటి దశలో పాతబస్తీ మీదుగా ఫలక్‌నుమా పోవాల్సిన 5.5 కిలోమీటర్లు ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోయింది. లక్షల మంది బతికే బస్తీ అట్లనే ఎదురుచూసింది. పేదల దగ్గర ఆగే రైలు ప్లాట్ల దగ్గరికి పరుగెత్తుతది. పాతబస్తీ ముస్లిం, యాచారం రైతు, ఉట్నూరు గోండు ఒకే వరుసలో వెనుక నిలబడ్డరు.

మరి ఏం చేద్దాం? పోస్టుకు లైక్ కొట్టి పడుకుంటే వాగు మీద వంతెన పడదు. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మూడు పనులు చెయ్యి.

గ్రామసభ పెట్టించు. సెక్షన్ 3(2) కింద రోడ్డుకు తీర్మానం రాయించు, సంతకాలు, వేలిముద్రలు పెట్టించు, నకలు నీ దగ్గర ఉంచుకో. ఐటీడీఏలో సమాచార హక్కు దరఖాస్తు వెయ్యి: మన మండలంలో రోడ్డు లేని ఆవాసాలెన్ని, ఏ ఏడాది నుంచి పెండింగ్, ఏ కారణంతో? మూడోది, మీ ఎమ్మెల్యేను అడుగు. తెలంగాణలో ఎస్టీ రిజర్వుడు సీట్లు 12. ఫ్యూచర్ సిటీ లైన్ గురించి అసెంబ్లీలో మాట వచ్చినప్పుడు ఆ పన్నెండు మందిలో ఎవరు లేచి నిలబడ్డరో, ఎవరు బల్ల చరిచిండ్రో రాసిపెట్టు.

ఇకమీద ఏ ఆఫీసరు వచ్చి "మీ ఊళ్లో జనం తక్కువ" అన్నా, నువ్వు ఒక్కటే అడుగు: "ఫ్యూచర్ సిటీలో ఎంతమందున్నరు సార్?"

మావ నాటే మావ రాజ్. జై ఆదివాసీ.